కెమెరా ఖాకీ సొత్తా?

రోడ్డు మీద నిలబడి పోలీసుల తీరును ఫోన్‌లో చిత్రీకరిస్తున్న పౌరుణ్ణి గద్దించడం, ఫోన్ గుంజుకోవడం, వీడియోను అక్కడికక్కడే చెరిపించడం మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందంటే, అలా చిత్రీకరించడమే నేరమని చదువుకున్నవారు సైతం నమ్ముతున్నారు. అది నేరం కాదు. బహిరంగ స్థలంలో నిలబడి, అక్కడి నుంచి కంటికి కనిపించే మనిషినో భవనాన్నో చిత్రీకరించరాదని గంపగుత్తగా నిషేధించే చట్టమేదీ ఈ దేశంలో లేదు. ఉన్నవన్నీ నిర్దిష్టమైన ఆంక్షలు. వాటిని చూపి అంతటా నిషేధమే ఉన్నట్లు పౌరుణ్ణి బెదిరించేవారు, తమ చేతిలోని కెమెరాకు మాత్రం ఏ హద్దూ లేదన్నట్లు వ్యవహరించడమే మా అభ్యంతరం.

ఈ బెదిరింపుల్లో తరచూ వినిపించేది 1923 నాటి అధికార రహస్యాల చట్టం. రక్షణ నిర్మాణాలు, ఆయుధాగారాలు, సైనిక, నౌకా, వైమానిక స్థావరాలు, ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేసిన చోట్లు నిషిద్ధ ప్రదేశాలని ఆ చట్టంలోని రెండో సెక్షన్ చెబుతున్నది. పైగా దేశ భద్రతకు, ప్రయోజనాలకు భంగం కలిగించే ఉద్దేశం ఉంటే తప్ప మూడో సెక్షన్ కింద గూఢచర్యం నేరం నిలవదు. విశాఖలో నౌకాదళ స్థావరం వైపు కెమెరా తిప్పినవాణ్ణి ఆపడం సబబే. తహసీల్దారు కార్యాలయం ముందో, ఠాణా గుమ్మం ముందో అదే మాట చెల్లదు. ఠాణా లోపల జరిగిన సంభాషణను రికార్డు చేసిన వ్యక్తిపై పెట్టిన కేసును బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం 2022లో విచారించి, పోలీస్ స్టేషన్ నిషిద్ధ ప్రదేశాల నిర్వచనంలోకి రానే రాదని తేల్చింది. అదే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2024లో మరో కేసులో అదే మాటను మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఒకసారి చెబితే పోలీసులకు ఎక్కలేదన్నమాట. ఆ తీర్పులు తెలుగు రాష్ట్రాలను కట్టడి చేయవని సాంకేతికంగా వాదించవచ్చు. కానీ చట్టం కేంద్రానిది, నిర్వచనం దేశమంతటికీ ఒక్కటే. ఠాణా లోపలే తప్పు కానిది ఎదుటి ఫుట్‌పాత్ మీద ఎలా తప్పవుతుంది?

రెండో అస్త్రం, విధులకు ఆటంకం. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణను కావాలని అడ్డుకోవడం నేరమే. 132వ సెక్షన్ వర్తించాలంటే దాడో, దౌర్జన్యమో జరగాలి. పది అడుగుల దూరంలో ఫోన్ పట్టుకుని మౌనంగా నిలబడటం ఈ రెండింటిలో దేని కిందికీ రాదు. ఇక వీడియోను చెరిపించే అధికారం ఏ సెక్షన్ ఇచ్చిందో చూపమంటే ఒక్కరూ చూపలేరు. నేరానికి సాక్ష్యమైన దాన్ని, నేరస్థుణ్ణి కాపాడేందుకు మాయం చేయడం 238వ సెక్షన్ కింద శిక్షార్హమని మాత్రం ఆ సంహితలోనే ఉన్నది.

కెమెరా చేతికొచ్చిన ప్రతివాడూ విలేకరి అయిపోయి, పార్కుల్లో జంటలను వెంబడిస్తూ, ప్రమాద బాధితుల మొహాలను వ్యూస్ కోసం ఊరంతా తిప్పుతున్నాడన్న ఫిర్యాదు నిజమే. మహిళల ఏకాంత క్షణాలను చాటుగా చిత్రీకరించేవారికి అదే సంహితలో 77వ సెక్షన్, వెంటపడి వేధించేవారికి 78వ సెక్షన్ ఉన్నాయి. వాటిని కఠినంగా ప్రయోగించవలసిందే. అయితే విధి నిర్వహణలో ఉన్న అధికారి వ్యక్తిగత గోప్యత చాటున దాక్కోవడం కుదరదు. అధికార విధులకు సంబంధించిన ప్రవర్తన విషయంలో ప్రభుత్వాధికారులకు గోప్యత హక్కు దన్నుగా రాదని సుప్రీంకోర్టు 1994లోనే రాజగోపాల్ కేసులో స్పష్టం చేసింది.

మరి పోలీసుల కెమెరా సంగతేమిటి? కూడళ్లలో నిలబడి వాహనదారుల ఫొటోలు తీసి ఈ-చలానాలు పంపేటప్పుడు ఎవరి అనుమతీ అడగరు. జనం గుమిగూడే సంస్థలు సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టి తీరాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఏకంగా చట్టమే తెచ్చారు. 'నేను సైతం' పేరుతో హైదరాబాద్ పోలీసులు కాలనీవాసుల చేత వాళ్ల డబ్బుతోనే వీధుల్లో కెమెరాలు పెట్టించారు. వీధిని చిత్రీకరించడానికి నేను సైతం అని ముందుకు రమ్మన్న పౌరుణ్ణే, అదే వీధిలో ఫోన్ ఎత్తితే నువ్వెవడివంటున్నారు. 2021లో లాక్‌డౌన్ వేళ హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను దారిలో ఆపి మాస్కు తీయమన్నారు. నిరాకరించినా ఫొటో తీశారన్నది ఆయన ఫిర్యాదు. ముఖ గుర్తింపు సాంకేతికతను సవాలు చేస్తూ ఆయన వేసిన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అన్న సామెత ఈ ద్వంద్వ నీతికి సరిగ్గా సరిపోతుంది.

చివరికి తమ మీద తాము పెట్టుకోవలసిన కెమెరా దగ్గరైనా నిజాయితీ ఉన్నదా? ప్రతి ఠాణాలోనూ దృశ్యంతో పాటు ధ్వనినీ నమోదు చేసే సీసీ కెమెరాలు ఉండాలని, ఆ దృశ్యాలను పద్దెనిమిది నెలలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. ఠాణాల్లో కెమెరాలు పనిచేయకపోవడంపై 2025 సెప్టెంబరులో ఆ కోర్టే తనంతట తాను (సుమోటోగా) కేసు చేపట్టవలసి వచ్చింది. సోదాలను, జప్తులను వీడియో తీయాలని నేర విచారణ ప్రక్రియను నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ 2024 జులై నుంచి నిర్బంధం చేసింది; అందుకు మొబైల్ ఫోనే మేలని కూడా సూచించింది. అంటే పోలీసు చేతిలో ఫోన్ వీడియో న్యాయానికి సాధనం, పౌరుడి చేతిలో అదే వీడియో విధులకు ఆటంకం. లోపలి కెమెరా పనిచేయదు, బయటి కెమెరా పనిచేయకూడదు!

ఉభయ రాష్ట్రాల డీజీపీలు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. బహిరంగ స్థలం నుంచి చిత్రీకరించడం నేరం కాదని, ఫోన్ గుంజుకుని వీడియో చెరిపించిన సిబ్బందిపై శాఖాపరమైన చర్య తప్పదని ఒక్క పేజీ సర్క్యులర్ ఇచ్చి, దాన్ని ప్రతి ఠాణా గోడకూ అంటిస్తే చాలు. అందుకు చట్టసభ సమావేశమూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. లక్షలాది కెమెరాలతో నగరాన్ని గాలిస్తున్నామని ప్రదర్శనలిచ్చే శాఖకు ఆ ఒక్క పేజీ రాయడానికి చేయి రావడం లేదంటే, కారణం తీరిక లేకపోవడం కాదు. కింది సిబ్బంది ఫోన్లు గుంజుకోవడం పైవారికి సమ్మతమే కనుక.