ఉల్లివేరు దగ్గర మొదలయ్యే దారి

నీట్ ఫలితాలు వచ్చాక మన ఊళ్లలో ఏటా వినిపించే మాట ఒకటుంది: "సీటు రాలేదు, ఏదో ఒక బీఎస్సీలో చేర్పించాం." ఆ 'ఏదో ఒక' అనే మాటను మోసుకుంటూనే పిల్లలు మూడేళ్లూ డిగ్రీ చదువుతున్నారు. బైపీసీ అంటే డాక్టరు చదువేననీ, తక్కినవన్నీ ఓడినవాళ్లకేననీ నమ్మిన ఇంట్లో జీవశాస్త్రం మీద ఇష్టం ఎలా మొలుస్తుంది?

డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఉల్లివేరు ప్రయోగం అందరికీ తెలిసిందే. గ్లాసు నీళ్ల మీద ఉల్లిగడ్డను నిలబెడితే కొద్ది రోజులకే తెల్లటి వేళ్లు దిగుతాయి. కొనలు కోసి, ఎసిటోకార్మైన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్‌ను బొటనవేలితో నొక్కి సూక్ష్మదర్శిని కింద పెడితే, రెండుగా చీలుతున్న కణాల్లో క్రోమోజోములు ఎర్రటి దారపు ముక్కల్లా కనిపిస్తాయి. ఖర్చు దాదాపు లేదు. అయినా ఎన్నో కాలేజీల్లో విద్యార్థి ఆ బొమ్మను సీనియర్ రికార్డులోంచి దించుకుని మార్కులు వేయించుకుంటున్నాడు.

అదే గ్లాసులో మంచినీళ్లకు బదులు పరిశ్రమల పక్కన పారే వాగు నీళ్లు పోస్తే? నీటిలోని విషం కణవిభజనను ఎంత దెబ్బతీస్తుందో ఉల్లివేరే చెబుతుంది. ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు వాడుతున్న పరీక్షే ఇది. ఒక్క సెమిస్టరు ఈ పనిలో పడితే ఒకరికి సూక్ష్మదర్శిని వదలబుద్ధి కాదు, ఒకరికి లెక్కలు కట్టడం నచ్చుతుంది, మరొకరు వాగు గట్టు వెంట నమూనాలకు తిరగడమే తన పని అనుకుంటారు. ల్యాబ్ తనకు సరిపడదని తేల్చుకునేవారూ ఉంటారు, అది కూడా ఇరవై ఏళ్ల వయసులో తెలియడమే మేలు. ఏ కెరీర్ గైడెన్స్ ఉపన్యాసమూ ఇంత స్పష్టంగా చెప్పజాలదు.

ఎంబీబీఎస్ దక్కకపోతే ఓడినట్టు కాదనడానికి ఒక శాస్త్రవేత్త కథ చాలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు మద్రాసు వైద్య కళాశాల ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో పంపింది. తర్వాత అమెరికా ప్రయోగశాలల్లో ఆయన చేసిన పని నుంచే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారీ, క్యాన్సర్‌కు ఈనాటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ మందు వచ్చాయి.

హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధించే సీసీఎంబీ ఉంది, జాతీయ పోషకాహార సంస్థ ఉంది, పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధించే ఇక్రిశాట్, శామీర్‌పేట వైపు బయోటెక్ సంస్థలున్న జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. తిరుపతిలో 2015 నుంచి సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ ఐసర్ నడుస్తోంది. వీటి గేటు దాటకుండానే డిగ్రీ పూర్తి చేసే ప్రభుత్వ కాలేజీ పిల్లల సంగతి ఏమిటి? దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా ఇచ్చే రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ కబురే చాలామందికి చేరదు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ సంస్థలతో మాట్లాడి, జిల్లా కాలేజీల విద్యార్థులకు వేసవిలో కొన్ని స్థానాలు ఇప్పించాలి. బస, దారి ఖర్చులు భరించాలి. ప్రాజెక్టు చేయించే అధ్యాపకుడికి దాన్ని బోధన గంటలుగానే లెక్కగట్టాలి. ఈలోగా ప్రిన్సిపాళ్లు చేయగలిగింది ఒకటుంది: ఆ ఫెలోషిప్ ప్రకటన వెలువడిన రోజే దాన్ని తెలుగులో రాయించి, ఫీజు గడువు కాగితం అంటించే బోర్డు మీదే, దాని పక్కనే పెట్టించడం.