ఇ-కాడ్‌హెరిన్ గారికి ఒక ఫిర్యాదు

అయ్యా,

కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే ప్రోటీన్ మీరు. చర్మం నుంచి పేగుల దాకా మా ఒంటిని కప్పే పొరలు మీ పట్టు మీదే నిలబడ్డాయి, కాదనం. పక్క కణం మీదున్న మీలాంటివాణ్ణే పట్టుకుని కూర్చోవడం మీ ఉద్యోగం. దానికీ కాల్షియం అందాలట, లేకపోతే పట్టు జారుతుందట. సరే, ఎవరి షరతులు వాళ్లవి.

మా గొడవంతా మీ సెలవుల గురించి. క్యాన్సర్ గడ్డల్లో స్నెయిల్, ట్విస్ట్ అనే ప్రోటీన్లు కణ కేంద్రకంలో మీ జన్యువు నోరు నొక్కగానే మీరు కిక్కురుమనకుండా మాయమవుతారు. మీ కుర్చీలో మీ దాయాది ప్రోటీన్ ఎన్-కాడ్‌హెరిన్ వచ్చి కూర్చుంటుంది. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న కణం సాగి, సన్నబడి, ఊళ్లు పట్టుకుని బయల్దేరుతుంది.

రొమ్ములో వచ్చే లోబ్యులార్ క్యాన్సర్ స్లైడు ఒకసారి చూడండి. కణాలు గడ్డగా పోగవకుండా చీమల బారులా ఒకదాని వెనక ఒకటి కణజాలంలోకి దూరిపోతుంటాయి. మామోగ్రామ్‌కి కూడా ఓ పట్టాన చిక్కవు. పాథాలజిస్టు మీ కోసం రంగు వేసి చూస్తే, కణం అంచున గోధుమరంగు గీత ఉండాల్సిన చోట ఖాళీ. మీ గైర్హాజరే సాక్ష్యం! డ్యూటీ ఎగ్గొట్టి ఇంత పనికొచ్చిన ఉద్యోగి మరొకరు లేరు.

న్యూజిలాండ్‌లో ఒక మావోరి కుటుంబాన్ని తరతరాలుగా పొట్ట క్యాన్సర్ పీడిస్తుంటే, కారణం మీ సీడీహెచ్1 జన్యువులోని లోపమేనని 1998లో తేలింది. అలాంటి లోపం ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పుడు జబ్బు ముదరకముందే పొట్ట మొత్తం తీయించుకుంటున్నారు. ఇక్కడ వెటకారం చేయడానికి నోరు రావడం లేదు.

పోనీ, మీరు డ్యూటీలో ఉంటే చాలనుకున్నామా? 2019లో ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ నమూనాలు పరీక్షిస్తే, మీరు లేని కణాలు చొరబడటంలో ముందున్నా దారిలోనే ఎక్కువగా చచ్చాయి. మీరున్న కణాలే దూరపు అవయవాలకు చేరి బాగా పాతుకున్నాయి. రక్తంలో గుంపుగా తిరిగే క్యాన్సర్ కణాలు ఒంటరివాటికన్నా ప్రమాదం. ఆ గుంపు చెదరకుండా చూసేదీ కణాలను కలిపి ఉంచే మీ జంక్షన్ ప్రోటీన్ల శాఖే. దొరో దొంగో చూసుకోకుండా ఎవరి చెయ్యి పడితే వాళ్ల చెయ్యి పట్టుకోవడమేనా?

పక్క సెక్షన్‌లో క్లాడిన్ 18.2 అనే మరో జంక్షన్ ప్రోటీన్ కొంత నయం. పొట్ట కణాల సందుల్లో నక్కి ఉండేది, క్యాన్సర్ వచ్చి పొర చెదిరితే బయటపడుతుంది. దాన్ని గురిచూసి కొట్టే జోల్‌బెటుక్సిమాబ్ మందుకు 2024లో జపాన్, అమెరికా అనుమతులిచ్చాయి.

మీతో అలా కుదరదు. మిమ్మల్ని వెనక్కి పిలవాలో, పంపించేయాలో తేల్చుకోలేక చస్తున్నాం. ఏ గడ్డలో, ఏ దశలో, ఎవరి పక్షాన ఉంటారో ముందుగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒంటి యజమాని (పేరుకే)