లెడ్జర్‌కు ఎక్కించినా అల్యూమినియం రాగి కాదు

పాత మోటార్లు, బ్యాటరీలు బాగుపడి మళ్లీ వాడకంలోకి రావాలంటే వాటి వివరాలన్నీ బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఒకే నకలు చాలా కంప్యూటర్లలో ఉండే ఉమ్మడి లెడ్జర్‌లో (చిట్టాలో) పెట్టాలనీ, అక్కడ రాసినదాన్ని ఎవరూ దిద్దలేరు కనుక కొనేవాడు మోసపోడనీ, ఇక ఎవరినీ నమ్మాల్సిన పని లేదనీ, ఐరోపా ఇప్పటికే దీన్ని చట్టం చేసిందనీ ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది.

దిద్దలేరన్న మాట చాలావరకు నిజమే. అయితే దిద్దలేనిదల్లా నిజం కాదు. నిరుడు నల్లగొండలో మా బోరు మోటారుకు వైండింగ్ చేయించినప్పుడు చీటీ మీద ‘రాగి తీగ’ అని రాసిచ్చారు. నీళ్లలో మునిగే మోటారు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, పైగా దాన్ని స్టేటర్ (మోటారులో తిరగని భాగం) గాడుల్లో చుట్టి బిగించాక రైతుకు కనిపించేది బయటి స్టీలు గొట్టమే. రెండు నెలలకు మోటారు మళ్లీ కాలితే, విప్పి తొడుగు గీకిన చోట తీగ తెల్లగా మెరిసింది, అది అల్యూమినియం. ఆ చీటీని లెడ్జర్‌కు ఎక్కించి ఉంటే, అదే అబద్ధం యాభై కంప్యూటర్లలో చెక్కుచెదరకుండా ఉండేది. అల్యూమినియం నిరోధకత రాగికంటే దాదాపు 1.6 రెట్లు ఎక్కువ కాబట్టి అంతే మందం తీగ ఎక్కువగా వేడెక్కుతుంది. బరువు చూస్తే, అంతే పరిమాణంలో రాగి తూగేదానిలో మూడో వంతు కూడా ఉండదు. చుట్టే ముందు కాంటా మీద పెడితే తేలిపోయే విషయమిది.

ఎవరినీ నమ్మనక్కర్లేదన్న మాట అసలే నిలవదు. మోటారును లెడ్జర్‌లోని దాని వివరాలతో కలిపే క్యూఆర్ కోడ్ రేకును ఊడదీసి వేరే మోటారుకు కొట్టినా లెడ్జర్‌కు తెలియదు. పోటీ కంపెనీలు ఒకే సంస్థ చేతికి లెక్కలు అప్పగించడానికి ఒప్పుకోని చోట ఈ పద్ధతికి ప్రయోజనం ఉంది, కాదనను.

ఇక ఐరోపా సంగతి. ఐరోపా సమాఖ్య బ్యాటరీల నియమావళి (2023/1542), 2027 ఫిబ్రవరి 18 నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకూ, 2 కిలోవాట్ అవర్లు దాటిన పారిశ్రామిక బ్యాటరీలకూ డిజిటల్ పాస్‌పోర్టు (ఆ బ్యాటరీ వివరాలుండే ఎలక్ట్రానిక్ రికార్డు) తప్పనిసరి చేసింది కానీ బ్లాక్‌చెయిన్‌ను తప్పనిసరి చేయలేదు. వివరాలు సరిగా ఉండే బాధ్యతను మాత్రం బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చినవారి మీద పెట్టింది. పాతదాన్ని మరో పనికి మార్చి అమ్మితే, పాత పాస్‌పోర్టుతో ముడిపడిన కొత్తది తీసుకోవాలి, ఆ బాధ్యత మార్చి అమ్మినవారిదే. మా చీటీ మీద షాపు ముద్ర స్పష్టంగానే ఉంది. చుట్టినవారి పేరుకూ, తీగ బరువుకూ గడి లేదు.