నల్ల కళ్లద్దాలు సరిపోవు

లేజర్‌తో వెంట్రుకలు తీయించుకోవడంపై వ్యాసం బాగుంది. కానీ ‘నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు’ అన్న మాట మాత్రం ప్రమాదం. సుమారు 400 నుంచి 1400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని కంటి కటకం రెటీనా మీద చిన్న చుక్కగా చేరుస్తుంది. వెంట్రుకలు తీయడానికి వాడే లేజర్లలో ఒకటైన, 1064 నానోమీటర్ల దగ్గర పనిచేసే ఎన్‌డీ యాగ్ లేజర్ కంటికి కనిపించదు, కాబట్టి రెప్ప కూడా పడదు. దెబ్బ తగిలాకే తెలుస్తుంది. అందుకే అసలైన రక్షణ అద్దాల మీద ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే కాంతిని ఆపే శక్తి) అని రాసి ఉంటుంది. ఓడీ 5 అంటే లక్షలో ఒక వంతు కాంతే లోపలికి వస్తుంది. 755 నానోమీటర్ల దగ్గర పనిచేసే అలెగ్జాండ్రైట్ అనే ఇంకో లేజర్‌కి చేసిన అద్దం 1064ని ఆపుతుందన్న గ్యారంటీ లేదు. ఆ అంకెలు చూపించమని అడగండి, మొహమాటం వద్దు. కనురెప్పల దగ్గర అయితే అసలు చేయించుకోకండి.

ఇంకోటి, వ్యాసంలో చర్మం రంగు ప్రస్తావనే లేదు. 755 కాంతిని, చర్మానికీ వెంట్రుకకీ రంగునిచ్చే మెలనిన్ బాగా పీల్చుకుంటుంది. మన చామనఛాయ చర్మంలో వెంట్రుకతో పాటు పైచర్మమూ వేడెక్కి మచ్చలు పడొచ్చు. 1064ని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది, పైగా అది లోతుకు వెళ్తుంది. సన్నటి వెంట్రుకల మీద ఫలితం కాస్త తక్కువే అనుకోండి, అయినా నా ఓటు దానికే.