సీసానికి రెండు పంక్తులు అతికిస్తే సానెట్ అవుతుందా?

కడప, అనంతపురం విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో యూరప్ పద్యరూపమైన సానెట్ గురించి ఒక మాట తెగ తిరుగుతోంది: "సానెట్ అంటే పద్నాలుగు పంక్తులే. సీసం పన్నెండు పంక్తులు. వేమన మకుటంలా ఇంకో రెండు చేరిస్తే మన సానెట్ రెడీ. ప్రాస ఎలాగూ ఉంది." ఇందులో ఒక్కటీ నిలవదు.

సీసానికి పాదాలు నాలుగే. పాదానికి 6 ఇంద్రగణాలు, 2 సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు; ఇంద్రగణం పెద్దది, సూర్యగణం చిన్నది). పొడవెక్కువని ఒక్కో పాదాన్ని రెండుగా విరిచి అచ్చువేస్తారు. కింద ఆటవెలదో తేటగీతో నాలుగు పాదాలు. అచ్చులో పన్నెండు పంక్తులు కనిపించినా పాదాలు లెక్కపెడితే ఎనిమిదే.

పద్నాలుగు సంఖ్య ఒక్కటే సానెట్‌ని నిలబెట్టదు. 1609లో అచ్చయిన షేక్స్‌పియర్ 154 సానెట్లలో 99వదానికి 15 పంక్తులు, 126వదానికి 12. అసలు ప్రాణం మలుపులో ఉంది. ఇటలీ కవి పెట్రార్క్ పద్ధతిలో మొదటి ఎనిమిది పంక్తుల అంత్యప్రాస కఖఖక కఖఖక (ఒకే అక్షరం గుర్తున్న పంక్తుల చివర ఒకే ప్రాస); చిక్కు అక్కడ బిగుస్తుంది. తొమ్మిదో పంక్తిలో ఆలోచన తిరుగుతుంది, మిగతా ఆరూ గఘచ గఘచ అనో గఘగఘగఘ అనో నడుస్తాయి. షేక్స్‌పియర్ అల్లిక వేరు: కఖకఖ గఘగఘ చఛచఛ జజ. అయినా ఆయన చాలాచోట్ల తొమ్మిదో పంక్తిలోనే తిరుగుతాడు. సీసానికి ఈ మలుపు నిబంధన లేదు. ఒకే భావాన్ని నాలుగు పాదాల్లో పేర్చుకుంటూ పోవచ్చు, దాని అందమే అది.

ఇక మకుటం. "విశ్వ–దాభి–రామ–వినుర–వేమ": ఐదు సూర్యగణాలు, నాలుగో గణం దగ్గర వి–వి యతి (పాదం మొదటి అక్షరంతో కుదిరే మైత్రి). అంటే అది ఆటవెలది నాలుగో పాదమే. తీసేస్తే పద్యం కుంటుతుంది. పైగా మకుటం పద్యం పద్యానికీ అదే మాట. షేక్స్‌పియర్ సానెట్ చివరి రెండు పంక్తుల జంట ప్రతిసారీ కొత్తగా పుట్టాలి.

ప్రాస గురించి చెప్పింది మరీ తప్పు. మన ప్రాస పాదంలో రెండో అక్షరం, సీసానికి అదీ తప్పనిసరి కాదు. సానెట్‌కి కావలసింది పంక్తి చివర.

తెలుగులో రాయాలనుకునేవాళ్లు ఇంగ్లిష్ ఊనికను (కొన్ని అక్షరాలను నొక్కి పలకడాన్ని) వదిలేసి, పంక్తికి నాలుగు చతుర్మాత్రలు (నాలుగేసి మాత్రల గణాలు), అంటే 16 మాత్రలు పెట్టుకోండి. ఎక్కువమంది తడబడేది అంత్యప్రాస దగ్గర: "వచ్చెను, చూసెను" ప్రాస కాదు, ఒకే ప్రత్యయం. "నేల, చేల" లాగా ముందున్న అచ్చుతో సహా కలవాలి. తొమ్మిదో పంక్తి ముందే రాసి పెట్టుకోండి. అది దొరకలేదంటే ఆ విషయం సీసానిదే, సీసంగానే రాయండి.