ఒకటో నంబరు రాయి

(రాత్రి పది దాటింది. హాలు నిండా పాత మినిట్స్ పుస్తకాలు, అట్టపెట్టెలు. ఆవిడ రాళ్ళు, ఖనిజాలు సేకరించే సంఘానికి కార్యదర్శి. రజతోత్సవ సంచికకు సంఘం చరిత్ర రేపు పొద్దున్నకల్లా ప్రెస్సుకు చేరాలి. ఆయన సంఘంలో సభ్యుడు కాదు, ఆవిడ భర్త మాత్రమే. అయినా పాతికేళ్ళుగా రాళ్ళు మోస్తున్నారు.)

ఆయన: అబ్బా! నా బొటనవేలు! ఈ పెట్టె దారిలో ఎవరు పెట్టారు?

ఆవిడ: మీరే. అటక మీది నుంచి దించి, ఇక్కడ పడేసి, నడుము పట్టుకుని వెళ్ళిపోయారు. ఏమండీ, లోపల ఏమీ విరగలేదు కదా?

ఆయన: వేలు విరిగిందేమోనని అడుగుతున్నావా?

ఆవిడ: వేలు పెట్టె లోపల లేదు కదా. కాసేపు కదలకుండా కూర్చోండి, చరిత్ర రాస్తున్నాను.

ఆయన: దానికి రాత్రంతా ఎందుకు? నేను చెబుతాను, రాసుకో. కొందరు రాళ్ళు ఏరారు. ఇంటికి మోసుకొచ్చారు. ఇంట్లోవాళ్ళు తిట్టారు. అయినా ఏరారు. సమాప్తం.

ఆవిడ: మొదటి పేరా అయిపోయింది, వినండి. “ఇలాంటి సంఘాలకు పెద్ద వంశమే ఉంది. 1807లో లండన్‌లోని ఒక భోజనశాలలో కూడినవారు జియలాజికల్ సొసైటీని ప్రారంభించారు. మొదట్లో అది భోజనాల క్లబ్బు...”

ఆయన: ఆగు. ముందు భోజనం, తరువాత రాళ్ళు! ఎంత చక్కటి పద్ధతి! మన భోజనాల బల్ల మీద ముందూ రాళ్ళే, వెనకా రాళ్ళే. నిన్న పళ్ళెం పెట్టుకోవడానికి ఒక అభ్రకం ముక్కను బతిమాలుకోవలసి వచ్చింది.

ఆవిడ: “1886లో న్యూయార్క్‌లో జార్జ్ కుంజ్ అనే రత్నాల నిపుణుడు, మరో ఇద్దరు కలిసి మినరలాజికల్ క్లబ్ పెట్టారు.” అంతకు ముందు ఏడాదే అక్కడ 35వ వీధిలో మురుగు కాలువ తవ్వుతుంటే నాలుగు కిలోలు దాటిన గార్నెట్ స్ఫటికం బయటపడింది. దానికి ‘సబ్‌వే గార్నెట్’ అని పేరు స్థిరపడింది.

ఆయన: మురుగు కాలువలో దొరికిన దానికి రైలు పేరేమిటి?

ఆవిడ: అదే విచిత్రం. అక్కడ సబ్‌వే రైలు నడవడం మొదలైందే 1904లో.

ఆయన: ఇందులో విచిత్రం ఏముంది? ‘మురుగు కాలువ గార్నెట్’ అంటే అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఆవిడ: బీరువా తరువాతి మాట. కొన్నాళ్ళు దాన్ని తలుపుకు అడ్డం పెట్టుకున్నారని కూడా చెబుతారు.

ఆయన: (తలెత్తి) తలుపుకా?

ఆవిడ: అవును. అంత అపురూపమైన స్ఫటికాన్ని!

ఆయన: గాలికి తలుపు కొట్టుకుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పాపం, ఆ రాయికీ ఒక ఉద్యోగం దొరికింది. సరే, మీ సంఘం సంగతికి రా.

ఆవిడ: వచ్చాను. మొదటి మూడు సమావేశాలూ పేరు మీద తగాదాతోనే అయిపోయాయి. ‘శిలలు’ అనాలని కొందరు, ‘ఖనిజాలు’ అనాలని కొందరు.

ఆయన: ఏ రాయైతేనేమి పళ్ళూడగొట్టుకోవడానికి?

ఆవిడ: రెండూ ఒకటి కాదండీ! ఖనిజానికి ఫలానా రసాయన కూర్పు, ఫలానా స్ఫటిక నిర్మాణం ఉంటాయి. శిల అంటే ఆ ఖనిజాల కలయిక. గ్రానైటే తీసుకోండి. అందులో పలుగురాయి ఉంటుంది, ఫెల్డ్‌స్పార్ ఉంటుంది, అభ్రకం ఉంటుంది. ముగ్గురూ ఒకే ఇంట్లో అతుక్కుని ఉంటారు, ఎవరి గుణం వారిదే.

ఆయన: అర్థమైంది. నువ్వు ఖనిజం, నేను ఖనిజం, మన సంసారం గ్రానైటు. చివరికి ఏ పేరు పెట్టారు?

ఆవిడ: రెండూ.

ఆయన: దీనికి మూడు సమావేశాలా! ఇది రాయకు. చదివినవాళ్ళు నవ్వుతారు.

ఆవిడ: రాశాను. నాలుగో సమావేశంలో గట్టిదనం పరీక్ష నేర్పారు. 1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త వేసిన వరుస అది. ఒకటి బలపం, మూడు కాల్సైట్, ఏడు పలుగురాయి, పది వజ్రం. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది, మెత్తనిది గట్టిదాన్ని గీయలేదు. మన వేలిగోరు రెండున్నర. చాకు, కిటికీ అద్దం రెండూ అయిదున్నర దగ్గర.

ఆయన: కిటికీ అద్దం సంగతి నాకు వేరే చెప్పాలా? ఆ సమావేశం మన పడకగదిలోనే కదా జరిగింది! అద్దం మీద పదకొండు గీతలు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున్నే సూర్యుడు ముక్కలై లోపలికి వస్తాడు.

ఆవిడ: పదకొండు మంది వ్యవస్థాపక సభ్యులు, ఒక్కొక్కరిది ఒక్కొక్క గీత. ఆ అద్దం మన సంఘానికి శాసనం లాంటిది.

ఆయన: తేలు సంగతి రాశావా?

ఆవిడ: ఏ తేలు?

ఆయన: తెలియనట్టు అడగకు. క్వారీలో, ఆ రాత్రి. ఊదా రంగు దీపాలు పట్టుకుని చీకట్లో బయల్దేరారు.

ఆవిడ: అవి అతినీలలోహిత దీపాలు. ఫ్లోరైట్, కాల్సైట్ లాంటివి కొన్ని ఆ వెలుగులో రంగులతో మెరుస్తాయి. ఫ్లోరైట్‌ను బట్టే 1852లో స్టోక్స్ ఆ గుణానికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు.

ఆయన: స్టోక్స్ గారు బాగానే పెట్టారు. మీ అధ్యక్షుల వారు ‘ఆహా, ఏమి ఆకుపచ్చ!’ అని వంగి చెయ్యి చాచారు. రాయి రెండడుగులు పక్కకు నడిచింది. ఆ దీపం వెలుగులో తేళ్ళు కూడా మెరుస్తాయని ఆయనకు అప్పుడు తెలిసింది. అందరూ కొండను తవ్వి ఎలుకను పడతారు. మీరు తేలును పట్టారు.

ఆవిడ: పట్టలేదు. మినిట్స్‌లో స్పష్టంగా ఉంది. “నమూనా సహకరించనందున సేకరించడమైనది కాదు.”

ఆయన: (కళ్ళు తుడుచుకుంటూ) అది రాసినవాడికి దండ వేయాలి.

ఆవిడ: రాసింది నేనే. మీరు నవ్వడం అయితే, మీ ఘనకార్యం కూడా ఇందులో ఉంది. చదవనా?

ఆయన: నా ఘనకార్యమా?

ఆవిడ: “ప్రదర్శనకు సిద్ధం చేసిన హేలైట్ స్ఫటికం, ఎనిమిది వందల గ్రాములు, కార్యదర్శి భర్త గారి వల్ల లుప్తమైనది.”

ఆయన: దుమ్ము పట్టి ఉంటే కడిగాను. అంటే, రాత్రంతా బకెట్ నీళ్ళలో నానబెట్టాను.

ఆవిడ: హేలైట్ అంటే ఉప్పండీ! పొద్దున్నే చూస్తే బకెట్‌లో చీటీ ఒక్కటే తేలుతోంది.

ఆయన: చీటీని మాత్రం జాగ్రత్తగా ఆరబెట్టాను. రాయి కంటే చీటీ ముఖ్యమని నువ్వే కదా రోజూ పాడతావు?

ఆవిడ: ముఖ్యం కాక? ఏ గనిలో, ఏ రోజున, ఎవరికి దొరికిందో చీటీ చెబుతుంది. చీటీ ఉంటే నమూనా, చీటీ పోతే రోడ్డు మీది రాయి. అందుకే కాగితాన్ని నమ్ముకోకుండా రాయి మీదే తెల్ల రంగు చుక్క పెట్టి, నల్ల సిరాతో నంబరు వేస్తాం. కాగితాలకు ఏమైనా కావచ్చు. నలభై మూడో నంబరు పైరైట్‌నే చూడండి. తేమ తగిలి, లోపల ఆమ్లం పుట్టి, తన చీటీని తానే తినేసింది.

ఆయన: రాళ్ళు చీటీలు తింటే శాస్త్రం. నేను ఒక రాయి కడిగితే నేరం. ఫ్రాన్సులో ఆ ఫాదర్ గారెవరో స్నేహితుడి కాల్సైట్ చెయ్యిజారి కింద పడేస్తే స్ఫటిక శాస్త్రం పుట్టిందన్నావు. నేను కింద పడేసినప్పుడు తగాదా పుట్టింది.

ఆవిడ: ఆయన పేరు అయ్వీ. పగిలిన ముక్కలన్నీ ఒకే రకం ఏటవాలు పలకలుగా ఎందుకున్నాయని ఆలోచించి, ఇంటికి వెళ్ళి తన సొంత రాళ్ళు కూడా పగలగొట్టి చూసుకున్నాడట. 1784లో పుస్తకం రాశాడు. మీరేం చేశారు? ముక్కలు సోఫా కిందికి తోశారు.

ఆయన: పుస్తకం రాయడానికి బల్ల మీద ఖాళీ ఏదీ?

(కాసేపు కలం చప్పుడు. ఆవిడ పేజీ తిప్పి, నిట్టూర్చింది.)

ఆవిడ: ఇక్కడే ఆగిపోతున్నాను. ఒకటో నంబరు.

ఆయన: అదేమిటి?

ఆవిడ: మొదటి యాత్రలో దొరికిన మొదటి రాయి. తేనె రంగు కాల్సైట్, రెండు గుప్పిళ్ళంత. మూడో ఏడు ప్రదర్శన ముగిసి సామాను సర్దుకునేటప్పటికి లేదు. కోశాధికారి మీద అనుమానం పడింది. ఆ పెద్దమనిషి లెక్కల పుస్తకం బల్ల మీద కొట్టి బయటికి నడిచారు. ఆయన వెంట అయిదుగురు. రెండేళ్ళు రెండు సంఘాలు! ఒకే ఆదివారం, ఒకే క్వారీకి, రెండు వ్యానులు. పలకరింపులు లేవు, అవతలివాళ్ళు ఏం ఏరుతున్నారో ఓరచూపులు. క్వారీ యజమాని విసిగి, ‘ఏదో ఒక సంఘంగా రండి, లేదా రాకండి’ అని గేటు వేశాడు. అప్పుడు కలిశారు. కోశాధికారి గారు మాత్రం తిరిగి రాలేదు.

ఆయన: (చాలాసేపటికి) తేనె రంగా?

ఆవిడ: అవును.

ఆయన: ఏటవాలు పలకలా, నున్నగా, బరువుగా?

ఆవిడ: మీకెలా తెలుసు?

ఆయన: ప్రదర్శన రోజు సంచి మోసింది నేనే కదా. ఇంటికొచ్చి దులిపితే అడుగున రాయి. నువ్వు నిద్రపోయావు. వెనక తలుపేమో గాలికి ఒకటే కొట్టుకుంటోంది. అప్పటికి అడ్డం పెట్టాను. పొద్దున్నే నీకు చెబుదామనుకున్నాను.

ఆవిడ: ఏ పొద్దున్నే? వెనక తలుపు దగ్గర ఉన్నది ఆకుపచ్చ దిమ్మ. సిమెంటు దిమ్మ అని మీరే చెప్పారు.

ఆయన: తలుపుకు రంగు వేశాక డబ్బాలో కొంచెం మిగిలిపోయింది. పారేయడం ఎందుకని...

(ఆవిడ మాట్లాడకుండా వెళ్ళి, ఆకుపచ్చ దిమ్మను రెండు చేతులా పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టింది. వెనక తలుపు ధడాలున మూసుకుంది.)

ఆయన: చూశావా? అందుకే పెట్టాను. ఉండు, చాకు తెస్తాను, రంగు గీకేద్దాం.

ఆవిడ: చాకు ముట్టుకుంటే ఊరుకోను! చాకు అయిదున్నర, ఇది మూడు. గీతలు పడతాయి.

ఆయన: మరి దేనితో గీకాలి?

ఆవిడ: ఇందాక చెప్పాను. రెండున్నర.

ఆయన: గోరుతోనా? ఇంత రాయినా?

ఆవిడ: నంబరు వేసిన మూల చాలు. మిగతాది రేపు. తెల్ల చుక్క ఊడిందో, మీ గోళ్ళూ ఊడతాయి.

(ఆయన కళ్ళజోడు సర్దుకుని గీకడం మొదలుపెట్టారు. నున్నటి పలక మీద పాత రంగు సరిగ్గా పట్టలేదు. ఉల్లిపొరలా లేస్తోంది. దాని కింద తేనె రంగు, తేనె రంగులో దీపం. ఆయన ఒక్క క్షణం గీకడం మరిచిపోయి చూశారు.)

ఆయన: ఇంత అందంగా ఉంటుందని ముందే చెబితే రంగు వేసేవాడినా?

ఆవిడ: గీకండి.

ఆయన: తెల్ల చుక్క కనబడుతోంది. అదిగో ఒకటి! ఇక రాసుకో, “కార్యదర్శి భర్త గారి ముందుచూపు వల్ల నమూనా రంగు పొర కింద భద్రంగా...”

ఆవిడ: ఆగండి. ఒకటి పక్కన ఇంకేదో ఉంది.

ఆయన: మచ్చ.

ఆవిడ: మచ్చ కాదు. రెండు. ఇది పన్నెండో నంబరు!

(ఆవిడ గబగబా రిజిస్టరు తిప్పింది.)

ఆయన: పన్నెండు కూడా పోయిందా?

ఆవిడ: పోయినట్టు ఎవరూ రాయలేదు. ఎవరూ వెతకలేదనుకుంటాను. ఇదిగో, “పన్నెండు. కాల్సైట్. మొదటి యాత్ర. సంచి మోయడానికి వచ్చిన మనిషి కాలికి తగిలి దొరికినది.”

ఆయన: సంచి మోయడానికి వచ్చిన మనిషా?

ఆవిడ: అప్పటికి మన పెళ్ళి కాలేదు. మీ పేరు నాకు తెలియదు.

ఆయన: అడగవచ్చు కదా! రాయికేమో ఏ గని, ఏ తేదీ, ఎన్ని గ్రాములు. మనిషికి చీటీ లేదు! ఆ వేలు నెల రోజులు వాచింది. దిద్దు. ఇప్పుడే దిద్దు.

ఆవిడ: పాత రికార్డు దిద్దకూడదు, నియమం. కావాలంటే కింద గమనిక రాస్తాను. “సదరు మనిషిని తరువాత కార్యదర్శి వివాహమాడినది.”

ఆయన: అది ముందు రాయి. పెద్ద అక్షరాలతో.

ఆవిడ: (రాస్తూ రాస్తూ కలం ఆపి) ఏమండీ, ఆ రోజు సంచి అడుగున ఒక్క రాయే మిగిలిందా?

(ఆయన గోళ్ళు చూసుకుంటున్నారు.)

ఆవిడ: మేడ మీది తలుపుకు అడ్డం ఏం పెట్టారు?

ఆయన: దానికి నీలం రంగు వేశాను.