ముందు పరుగు, తర్వాత పెగ్గు

తిరుపతి కుర్రాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదనేవాళ్ళు ఏదైనా శనివారం పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకి వెళ్ళి చూడాలి. ఇంకా తెల్లారకముందే బీటెక్ పిల్లలు చెమటలు కక్కుతూ రౌండ్లు కొడుతుంటారు. "ఇంకో రెండు వెయ్ మచ్చా, రాత్రికి పార్టీ ఉంది." అప్పు చేయకముందే తీర్చేస్తున్నారు! కుబేరుడి బాకీకి ఇంకా వడ్డీ కడుతున్న స్వామి ఊళ్ళో చదువుకుంటున్నారు కదా, ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే.

దీనికి సైన్సు మద్దతు కూడా ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 19 నుంచి 89 ఏళ్ళ లోపు 150 మంది చేత రోజూ ఎంత ఒళ్ళు వంచారో, ఎంత తాగారో ఫోన్లో రాయించారు. ఎక్కువ వ్యాయామం చేసిన రోజే ఎక్కువ తాగారట. కారణం మాత్రం తేల్చలేదు. మన తిరుపతి బైరాగిపట్టెడలో ఏ రూము తలుపు కొట్టినా చెప్పేవాళ్ళు.

లెక్క చూద్దాం. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో సుమారు 350 కాలరీలుంటాయి. 65 కిలోల కుర్రాడు కిలోమీటరు పరుగెత్తితే ఓ 65 ఖర్చవుతాయి. రెండు సీసాలంటే దాదాపు రేణిగుంట దాకా పరుగు. చిల్లీ చికెన్, అర్ధరాత్రి బిరియానీ కూడా కలిపితే ఇక పుత్తూరు బస్సెక్కడమే మేలు.

లివర్ మాత్రం ఈ అకౌంట్స్ చదువుకోలేదు. మందు లోపలికొస్తే ముందు దాని పనే చూస్తుంది, కొవ్వు కరగడం వాయిదా పడుతుంది. ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్‌ని మందు అణిచేస్తుంది కాబట్టి, పొద్దున చెమటగా పోయింది చాలక రాత్రంతా బాత్రూమ్‌కి పరుగు. (దీన్ని కూడా వాచీ అడుగుల్లో కలుపుతుంది.) ఇక కండలు. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు వ్యాయామం చేసిన మగవాళ్ళకు గట్టిగానే తాగించి చూశారు. ప్రొటీన్ ఇచ్చినా కండ కట్టే పని 24 శాతం తగ్గింది. ఈ సంగతి జిమ్ కుర్రాడొకడికి చెప్తే, "అయితే ఇంకో స్కూప్ ఎక్కువేస్తాలే నా" అన్నాడు.

పరుగుకి బద్ధకించేవాళ్ళది ఇంకో దారి. మధ్యాహ్నం మెస్‌లో భోజనం మానేసి, ఆ కాలరీలు సాయంత్రానికి దాచుకుంటారు. ఖాళీ కడుపుకి మందు తొందరగా ఎక్కుతుంది, డబ్బూ మిగులుతుంది. తర్వాత వీళ్ళని మూడో అంతస్తుకి మోయాల్సింది పొద్దున పరుగెత్తినవాళ్ళే. వ్యాయామం వృథా పోదు.

ప్రాయశ్చిత్తం ఎలాగూ కొండ మీదే. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచైతే 2,388. బ్రాందీకి అలిపిరి, బీరుకి శ్రీవారి మెట్టు అని రేటు కూడా ఖాయమైనట్టుంది.

ప్రభుత్వానికి నాదొక మనవి. మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మందు అమ్మకూడదు. సెకండియర్ పిల్లాడికి పందొమ్మిదే కాబట్టి ప్రతి శనివారం ఎవరో సూపర్ సీనియర్ కాళ్ళు పట్టుకోవాల్సి వస్తోంది. ఈ అవమానం ఎందుకు? ఆధార్ బదులు చేతి వాచీ చూసి, పదివేల అడుగులుంటే ఒక సీసా ఇప్పించండి. కాకపోతే మనవాళ్ళు ఆ వాచీని వీధి కుక్క మెడకి కట్టి వదులుతారు. ఆ కుక్కైనా మందు ముట్టకుండా వ్యాయామం చేస్తుంది.